జిల్లా పేపరా, ఫోన్ వార్తలా: శ్రీకాకుళంలో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు

ఏళ్ల తరబడి పొద్దున్న జిల్లా పేజీలు, రోజంతా స్థానిక బ్లాగులు, యూట్యూబ్ చానళ్లు, వాట్సాప్ గ్రూపులు చూస్తూ వచ్చాక నా అభిప్రాయం ఇది. భూమి సంగతి తెలియాలంటే పేపరు మానకూడదు. వరద సంగతికి పేపరును నమ్ముకుంటే కుదరదు.

భూమితో మొదలుపెడతాను. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ఇచ్చే ప్రాథమిక నోటిఫికేషన్‌ను ఆ ప్రాంతంలో నడిచే రెండు దినపత్రికల్లో వెయ్యాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషది కావాలి. అభ్యంతరాలకు గడువు 60 రోజులు. పరిశ్రమల మీద పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినా ఒక జాతీయ, ఒక ప్రాంతీయ దినపత్రికలో ప్రకటన రావాలి, జనానికి కనీసం 30 రోజుల వ్యవధి ఉండాలి. కొవ్వాడ (అణు విద్యుత్), మూలపేట (ఓడరేవు), సోంపేట, కాకరాపల్లి (థర్మల్ విద్యుత్) ప్రాజెక్టుల భూముల గొడవలు తెలిసిన జిల్లాకు ఆ ప్రకటన ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! అది పేజీ అడుగున సన్న అక్షరాల్లో, సర్వే నంబర్ల పట్టికతో ఉంటుంది. బ్లాగుల్లో వస్తే గిస్తే ‘ఫలానా ఊళ్లో భూసేకరణ’ అని ఒక ముక్క వస్తుంది. విస్తీర్ణం ఎంతో, అర్జీ ఎవరికివ్వాలో అందులో దొరకదు. ప్రకటన కనిపించిన రోజే పైన తేదీ, పేజీ నంబరు పడేలా పేజీ మొత్తం ఫోటో తీసి దాచుకోండి. కత్తిరించిన ముక్క మీద తేదీ ఉండదు కాబట్టి, గడువు దగ్గర పేచీ వస్తే అది అక్కరకు రాదు.

వరదల్లో లెక్క తిరగబడుతుంది. రాత్రి అచ్చయిన క్యూసెక్కుల అంకె మన చేతికొచ్చేసరికి పాతబడిపోతుంది. పైగా శ్రీకాకుళం టౌనుకు నాగావళి నీరు తోటపల్లి బ్యారేజీ నుంచీ మడ్డువలస రిజర్వాయరు నుంచీ వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక తోటపల్లి పార్వతీపురం మన్యంలో ఉంది, మడ్డువలస ఉన్న వంగర మండలం విజయనగరంలో కలిసింది. అందుకని మన జిల్లా పేజీ ఒక్కటీ చూస్తే నది కథ సగమే తెలుస్తుంది. ఈ-పేపర్‌లో ఆ రెండు జిల్లాల పేజీలూ తెరవాలి.

గ్రూపుల్లో వచ్చే వరద మెసేజీలో మూడు చూడాలి: ఏ గంటకు తీసిన లెక్క, ఇన్‌ఫ్లోనా (ప్రాజెక్టులోకి వచ్చే నీరా) ఔట్‌ఫ్లోనా (కిందికి వదిలే నీరా), ఏ నది. మూడోది చాలామంది వదిలేస్తారు. ‘గొట్టా గేట్లెత్తారు’ అంటే అది హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ, నది వంశధార. హిరమండలం దిగువన కళింగపట్నం దాకా ఉన్న ఊళ్లు జాగ్రత్తపడాలి, నాగావళి ఒడ్డునున్న టౌనుకు దాంతో పని లేదు. గంట వెయ్యని మెసేజీని నేను ముందుకు పంపను. పాత వరద వీడియోలూ ఏటా కొత్తగా తిరుగుతాయి. ఆపి చూస్తే వంతెన రెయిలింగులు, కొట్ల బోర్డులే అసలు సంగతి బయటపెడతాయి.

2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి దగ్గర రైలు ప్రమాదం లాంటప్పుడు ఫోనే ముందుంటుంది, కానీ మృతుల సంఖ్య రాత్రంతా మారుతూనే ఉంటుంది. పేపరుకూ ఇబ్బంది ఉంది. దూరం మండలాలకు వెళ్లే కట్టలు ముందే బయల్దేరాలి కాబట్టి రాత్రి పొద్దుపోయి జరిగింది వాళ్లకు మర్నాటి సంచికలో అందకపోవచ్చు.

పలాస జీడి ధరల్లోనూ తికమక ఉంది. 80 కేజీల పిక్కల బస్తా ధరా, కేజీ పప్పు ధరా, పప్పులో గుండా (విడిపోని పప్పా) బద్దా (రెండుగా విడిపోయిందా) అని చెప్పని పోస్టు రైతుకు ఎందుకూ పనికిరాదు.

తప్పు వార్త వస్తే పేపర్లో ఎడిటరు, ప్రచురణకర్త పేర్లు అచ్చయి ఉంటాయి. ముందు ఎడిటరుకు రాతపూర్వకంగా పంపాలి. దిద్దకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రికలైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు చేయాలి. ఫోన్ చానళ్లు ఆ కౌన్సిల్ పరిధిలోకి రావు.