శనివారం కథల గంట: నాలుగు నెలలు వెళ్ళాక రాస్తున్న రివ్యూ

మా వీధి చివర చిన్న శాఖా గ్రంథాలయం ఉంది. అక్కడ ప్రతి శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా పిల్లలకి కథల గంట పెడుతున్నారు. పేరుకి గంట, నడిచేది గంటన్నర. ఫీజు లేదు, పేరు రాయించుకోవడం లేదు, వెళ్ళి చాప మీద కూర్చోవడమే. నాలుగు నెలలుగా మా చిన్నదాన్ని తీసుకెళ్తున్నాను, దానికి ఏడేళ్ళు. ఎలా ఉంది, పంపొచ్చా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

దీనికి ముందు వేసవిలో ఒక స్టోరీ టెల్లింగ్ వర్క్‌షాప్‌లో చేర్చాను. ఏసీ గది, ప్రొజెక్టర్, చివర్లో సర్టిఫికెట్. చెప్పే అమ్మాయి ఓపిగ్గానే చెప్పేది, కానీ ప్రతి కథ అయ్యాక "ఇందులో నీతి ఏంటి?" అని అడిగేది, దాంతో పిల్లలు కథ సగంలో ఉండగానే ఆ జవాబు కోసం చేతులెత్తేవాళ్ళు. మా చిన్నది ఇంటికొచ్చి "అబద్ధం ఆడకూడదంట" అనేది. కథేంటమ్మా అంటే గుర్తులేదు అనేది.

ఇక్కడ నీతి అడగరు. ఊఁ కొట్టమంటారు, అంతే. చెప్పేవాళ్ళు ఒక్క వాక్యం చెప్పి ఆగుతారు, చాప మీద నుంచి ఊఁ వినపడితేనే తర్వాతి మాట. మన చిన్నప్పుడు ఆరుబయట మంచాల మీద పడుకుని అమ్మమ్మ దగ్గర ఇలాగే కదా విన్నాం, మనం ఊఁ అనడం ఆపితే నిద్రపోయామని తెలిసిపోయేది. బుర్రకథలో అయితే పక్కన వంతలు తందాన తాన అంటేనే కథ ముందుకెళ్తుంది. వినేవాళ్ళకి కూడా కథలో ఒక పని ఉంటుంది మన దగ్గర. వీడియోలో కథ చూసే పిల్లకి ఆ పని లేదు, వాళ్ళు విన్నా వినకపోయినా అది నడిచిపోతుంది.

మొదట ఒక పుస్తకం చదివి వినిపిస్తారు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ పిల్లల పుస్తకాలు కొన్ని ఉన్నాయి, మిగతావి స్టోరీవీవర్ నుంచి ప్రింట్ తీసినవి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, అది ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన సైట్, తెలుగులో కూడా బొమ్మల కథలు ఉంటాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవచ్చు. మొదటి స్థాయి కథలో పేజీకి ఒకటో రెండో వాక్యాలే, అందుకే ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలు కూడా లేచి నిలబడి చదివేస్తున్నారు.

పుస్తకం అయ్యాక ఎవరో ఒక పెద్దవాళ్ళు నోటి కథ చెప్తారు. నేను వెళ్ళేది దీని కోసమే. గ్రంథాలయం గేటు పక్కన పూలమ్మే మామ్మ ఉంది, ఆమెకి చదువు రాదు. లైబ్రేరియన్ గారు ఒక రోజు లోపలికి పిలిచి కూర్చోబెడితే, ఒళ్ళో బుట్ట పెట్టుకుని కనకాంబరాలు కడుతూనే ఏడు చేపల కథ మొదలుపెట్టింది. మనందరికీ తెలిసిన కథే. కానీ ఆమె "చేపా చేపా ఎందుకెండలేదు?" అని అడిగేటప్పుడు నారతో ముడి వేస్తూ ఆగుతుంది, కళ్ళు పూల మీదే ఉంటాయి, పిల్లలంతా ఒక్కసారిగా "గడ్డిమోపు అడ్డమొచ్చింది" అంటారు, అప్పుడు ముడి బిగిస్తుంది. ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ... ఆ మూర పూర్తయ్యేసరికి కథ పూర్తయింది.

ఆ గుంపులో ఒక బాబుకి నత్తి. మామూలుగా నోరే విప్పడు, కొంతమంది పిల్లలు వాణ్ణి అనుకరించడం నేనే రెండుసార్లు చూశాను. ఆ రోజు అందరితో పాటు గొంతు కలిపి ఒక్క తడబాటు లేకుండా అన్నాడు. నత్తి ఉన్నవాళ్ళకి పదిమందితో కలిసి పలికేటప్పుడు మాట తేలిగ్గా వస్తుందని నాకు తర్వాత తెలిసింది. రెండు వారాలయ్యాక వాడే ఒక చిన్న కథ చెప్తానన్నాడు, ఒక్కడే. మధ్యలో "కుం... కుం..." దగ్గర ఆగిపోయాడు. నాకు టెన్షన్ వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక పిల్ల "ఊఁ" అంది, వాడు "కుందేలు" అన్నాడు.

ఇంకో సంగతి. ఏడు చేపల కథలో ఎవర్నీ కొట్టరు, తిట్టరు, ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి ఎందుకు అని అడుగుతారు. ఇది నాకు నలభై ఏళ్ళు వచ్చాక చాప మీద కూర్చుంటే తట్టింది. మా చిన్నది మాత్రం వాడేసుకుంది. పక్కింటి పాప దీని నోట్‌బుక్ చింపితే నా దగ్గరికి ఏడుస్తూ రాకుండా, తిన్నగా వెళ్ళి "ఎందుకు చింపావే?" అని అడిగింది. వాళ్ళ తమ్ముడు లాగితే చిరిగిందట, ఇద్దరూ కూర్చుని జిగురు పెట్టి అంటించుకున్నారు.

అప్పటి గుంటూరు జిల్లాలో కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలవ మీద 1935లో బోటులోనే లైబ్రరీ నడిపిన నేల మనది. మరి ఈ కథల గంటకి వచ్చేది పాతికమంది పిల్లలే, నాకు అది బాధగా ఉంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫ్యాన్ చప్పుడుకి వెనక వాళ్ళకి సరిగ్గా వినపడదు. బాత్‌రూమ్‌కి తాళం ఉంటుంది, ముందే అడిగి పెట్టుకోండి. ఐదున్నర దాటితే దోమలు. పుస్తకం చదవడానికి వచ్చే కాలేజీ పిల్లల్లో కొందరు తల ఎత్తకుండా గబగబా చదివేస్తారు, అప్పుడు చాప మీద గోల మొదలవుతుంది. అన్నిటికంటే నాకు నచ్చనిది, తల్లిదండ్రులు మధ్యలో లేచి వీడియోలు తీయడం. నత్తి ఉన్న బాబు చెప్తున్నప్పుడు కూడా ఒకాయన ఫోన్ ఎత్తితే లైబ్రేరియన్ గారు వచ్చి దింపించారు. దయచేసి ఆ పని చేయకండి.

నాలుగుంపావుకే వెళ్తే ముందు చాప దొరుకుతుంది. పిల్లల్ని దింపేసి బజారుకి వెళ్ళిపోకుండా మీరూ కూర్చోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా తీసుకెళ్ళండి. మా అత్తయ్య మొదట్లో "నాకేం కథలొచ్చు" అని గోడకి ఆనుకుని కూర్చునేది. ఈ శనివారం ఆమె వంతు. నిన్న రాత్రి కథ సగంలో మర్చిపోయి, తొమ్మిదింటికి గుంటూరులో ఉన్న వాళ్ళ అక్కకి ఫోన్ చేసి "ఏమే, ఆ తర్వాత నక్క ఏమంటుందే?" అని అడుగుతోంది.