మధ్యాహ్నం మూడు గంటలు: పిండిపదార్థాలు తగ్గించిన 14 నెలల తర్వాత

తిరుపతిలో పెళ్లిపత్రికలు, ఆలయాల వార్షికోత్సవ సంచికలు అచ్చువేసే ఒక ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దుతాను. భోజనం చేసి వచ్చాక, రెండున్నర నుంచి నాలుగింటి వరకు, అక్షరాలు కంటికి కనిపించేవి గాని బుర్రకు ఎక్కేవి కావు. ఒకే పంక్తిని మూడుసార్లు చదివి కూడా ‘శ్రద్ధ’ అన్న మాటలో దకారం కింద ఒత్తు ‘ద’దో ‘ధ’దో తేల్చుకోలేక ఆవులిస్తూ కూర్చునేవాణ్ణి. ఈ 14 నెలల్లో బరువు 7 కిలోలు తగ్గింది, అందులో రెండు మళ్లీ వచ్చాయి, దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. పోయిందనుకున్న ఆ గంటన్నర నాకు తిరిగి దక్కింది. ఆ సంతోషంతోనే ఇది రాస్తున్నాను.

ఏం తినాలి, ఏం మానాలి అన్న పట్టికలు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. మా వైపు వారికి మాత్రం ఒక మాట చెప్పాలి. అన్నం మానేసి రాగిసంగటి తింటున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవారు చాలామంది, మొదటి నెల నేనూ అలాగే ఉన్నాను. రాగుల మేలు వాటి పీచులోను, కాల్షియంలోను ఉంది. పిండిపదార్థం మాత్రం వాటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు, పైగా మన సంగటిలో బియ్యపు నూక కూడా పడుతుంది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు కోడిగుడ్లు, గిన్నెడు ఆకుకూర, చెనిక్కాయల (వేరుశనగ) పచ్చడి అయిన ఊరిబిండి, మజ్జిగ తీసుకుంటున్నాను. సంగటి లేకుండా ఊరిబిండి ఎలా దిగుతుందన్నది మా అమ్మకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

సంగటిని కూడా మానేసిన రెండో వారంలో జరిగినది వివరంగా చెప్పక తప్పదు. పొద్దున తలనొప్పి, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, కూర్చున్న చోటి నుంచి లేస్తే కళ్లు బైర్లు కమ్మడం మొదలైనా, ఒళ్లు అలవాటు పడుతోందని సరిపెట్టుకున్నాను. కాఫీ తాగిన తర్వాత తల గాలిలో తేలినట్టుండేది. కొత్త తిండి మహిమ ఇదేనని తోటివారికి గొప్పగా చెప్పుకున్నాను కూడా. అలాంటి ఒక పూటే ఒక పెళ్లిపత్రిక ప్రూఫు నా చేతికి వచ్చింది. పెళ్లివారు రాసి ఇచ్చిన కాగితంలో ‘బుధవారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే గురువారం’ అని ఉంది. మన లెక్కలో సూర్యోదయం దాకా బుధవారమే కనుక, అర్ధరాత్రికే తేదీ మార్చేసుకునే బంధువులు పొరబడకుండా ఆ ‘తెల్లవారితే’ అన్న మాట వేస్తారు. కంపోజు చేసిన కుర్రవాడు చోటు చాలక దాన్ని ‘గురువారం రాత్రి 2.40’ అని కుదించాడు. నేను ఆ పంక్తి మీదుగానే వెళ్లి, దాని కింద ఇంటిపేరులో ఉన్న ‘ల’ను ‘ళ’గా దిద్ది, సంతకం పెట్టాను. 500 పత్రికలు అచ్చయ్యాయి.

వాటిని తీసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురి తండ్రి ఒకటి చదివి, ‘ఏం సామీ, తప్పులు దిద్దమంటే ముహూర్తమే దిద్దేస్తిరే!’ అన్నారు. కొట్టలేదు, అంతే. మళ్లీ అచ్చువేసిన ఖర్చులో సగం నా జీతంలోంచి పోయింది.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు వెళ్తే కారణం తెలిసింది. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది, దానితో మూత్రపిండాలు ఉప్పును, ఆ వెంటే నీటిని ఎక్కువగా బయటకు పంపుతాయి. నేనేమో ఊరగాయలతో పాటు ఉప్పును కూడా దాదాపు మానేశాను. నాకు రక్తపోటు లేదు కనుక రోజుకు రెండుసార్లు ఉప్పు వేసిన మజ్జిగ తాగమన్నారు. మూడో రోజుకు తల కుదుటపడింది. నేను తేట అనుకున్నది ఉత్త తేలికదనమేనని అప్పుడు తెలిసింది.

అసలైన తేట ఆ తర్వాత, నెల దాటాక వచ్చింది. అయితే పిండిపదార్థాలు తగ్గిస్తే ‘మెదడు పదునెక్కుతుంది’ అని కొందరు అనే మాటకు నేను సాక్ష్యం చెప్పలేను. ఉదయం పూట నా బుర్ర అప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. మధ్యాహ్నపు మగత ఒక్కటే పోయింది. శరీరం బరువులో 2 శాతమే ఉండే మెదడు మన శక్తిలో ఐదో వంతు ఖర్చు పెడుతుందని, గ్లూకోజు తక్కువైనప్పుడు కాలేయం కొవ్వు నుంచి తయారుచేసే కీటోనులను వాడుకుంటుందని చదివాను. మూర్ఛ రోగుల కోసం ఇలాంటి ఆహారాన్ని 1921లోనే అమెరికాలోని మేయో క్లినిక్‌లో ప్రతిపాదించారు. కానీ అది వైద్యుల కనుసన్నల్లో జరిగే చికిత్స. దాన్ని చూపించి ప్రూఫులు దిద్దేవాడి తెలివి పెరుగుతుందనడం న్యాయం కాదు.

ఇంకో అనుమానమూ ఉంది. పలమనేరులో మా చెల్లెలి ఇంట్లో నాటుకోడి పులుసుతో నిమ్మకాయంత సంగటి తిన్న రోజు మగత రాలేదు. మొన్న ఎండాకాలంలో చివర గుప్పెడు పెరుగన్నం కలుపుకున్నా రాలేదు. అంటే నన్ను ముంచింది అన్నమా, కంచం నిండా పెట్టుకున్న గుట్టా? పైగా ఈ తిండితో పాటే రాత్రి భోజనం ఎనిమిదింటికి మారింది, నిద్ర ఒక గంట పెరిగింది. ఆ గంట వాటా ఎంతో నేను విడదీయలేను.

నాకు 52 ఏళ్లు, కూర్చుని చేసే పని, చక్కెర జబ్బు లేదు, నా కోసం వేరే కూర వండే ఇల్లాలు ఉంది. చిత్తూరులో ఉన్న మా అన్న పరిస్థితి వేరు. ఆయన చక్కెర మాత్రలు వేసుకుంటారు; పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చని, డాక్టరు ముందు మాత్రల మోతాదు తగ్గించి ఆ తర్వాతే మొదలుపెట్టనిచ్చారు. ఇక ఈ ఊళ్లో ఉంటూ కొండ దిగివచ్చిన బంధువులు చేతిలో పెట్టే లడ్డూను కాదనడం నా వల్ల కాలేదు. చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటున్నాను, మిగతాది పిల్లలకు పోతుంది.

మధ్యాహ్నం వరకు ఈ పద్ధతినే కొనసాగిస్తున్నాను, రాత్రికి మాత్రం రెండు దోసెలు తిరిగి వచ్చాయి. మూడు గంటలప్పుడు ప్రూఫులు బాగానే సాగుతున్నాయి. ముహూర్తం ఉన్న పంక్తిని మాత్రం ఇప్పటికీ మర్నాడు ఉదయం ఇంకోసారి చదివాకే సంతకం పెడుతున్నాను.