ఆక్సో గుడ్ గ్రిప్స్ పీలరు: విలువంతా పిడిలోనే

మాగాయకి మామిడికాయల చెక్కు తీసేటప్పుడు పీలరు సంగతి తేలిపోతుంది. పది కాయలు దాటేసరికి చేతికి సొన అంటుకుని, సన్నటి ఇనప పిడి వేళ్ళ మధ్య గిర్రున తిరుగుతుంది. తిరక్కుండా బిగించి పట్టుకోవాలి. బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టేది ఆ బిగింపుతోనే.

ఆక్సో పీలరు పుట్టింది సరిగ్గా ఈ బాధలోంచే. కీళ్ళవాతంతో ఉన్న భార్య బెట్సీ మామూలు పీలరుతో పడే అవస్థ చూసి, వంటసామాన్ల వ్యాపారి శామ్ ఫార్బర్ న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ అనే డిజైన్ సంస్థ వాళ్ళని కలిశాడు. 1990లో ఇది అమ్మకానికొచ్చింది. డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ళ ఇబ్బంది చూసి, దానికి తగ్గట్టు వస్తువుని తయారుచేసే పద్ధతి) అంటే గోడ మీద రంగురంగుల చీటీలు అతికించడమే అనుకునేవాళ్ళు ఈ పిడిని ఒకసారి పట్టుకు చూడాలి.

పిడి లావుగా, కోలగా ఉంటుంది. గుండ్రంగా లేదు కాబట్టి అరచేతిలో తిరగదు. శాంటోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేశారు, తడి చేతికీ జారదు. వేళ్ళు ఆనేచోట రెండు పక్కలా సన్నటి రెక్కలున్నాయి. నొక్కితే వంగుతాయి, ఎక్కడ పట్టుకోవాలో వేలికే తెలిసిపోతుంది. చూసి చేసిన నకళ్ళు బోలెడు. చాలావాటిలో రెక్కల ఆకారమే ఉంటుంది, మెత్తదనం ఉండదు. కొనేముందు గోటితో నొక్కి చూడండి: వంగకపోతే అది అలంకారమే.

ధర మామూలు పీలరు కంటే బాగా ఎక్కువ. అయినా అమ్ముడుపోయింది. ఎందుకంటే దీన్ని రోగుల వస్తువని ముద్ర వేయకుండా అందరి వంటింటికీ అమ్మారు. నొప్పి చేతికి సుఖంగా ఉన్నది మంచి చేతికి ఇంకా సుఖం కదా! 2004లో హెలెన్ ఆఫ్ ట్రాయ్ సంస్థ ఆక్సో కంపెనీని సుమారు 27 కోట్ల డాలర్లకు కొన్నది. వ్యాపారంలో విలువ అంటే ఇదే.

బీరకాయ, దోసకాయ, ఆనపకాయ, బంగాళాదుంపలకి దీన్ని మించింది లేదు. బీరకాయకి ముందు ఈనెలు మాత్రం తీసి, పచ్చడికి పక్కన పెట్టుకోవచ్చు. కందకి, గుమ్మడికి మాత్రం వద్దు. మందమైన తొక్కకి బ్లేడు లోతు చాలదు, బలం పెడితే పక్కకి జారుతుంది. వాటికి కత్తిపీటే సరి.

మామిడి సొన బ్లేడు ఇరుసులో ఎండితే బ్లేడు ఊగడం మానేసి, తొక్కతోపాటు కండ కూడా లేచిపోతుంది. ఐదారు కాయలకోసారి తడిగుడ్డతో తుడవాలి, పని అయ్యాక వేడినీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. మామూలు మోడల్లో బ్లేడు మార్చుకునే వీల్లేదు, మొద్దుబారితే కొత్తది కొనుక్కోవాల్సిందే.