బేగంబజార్‌లో ‘సెల్యులోజ్ థిక్కెనర్’ కొనేవారికి హెచ్చరిక

ఇంట్లో హెయిర్ కండిషనర్లు, జెల్‌లు తయారు చేసుకునేవారూ, చిన్న స్థాయిలో తయారు చేసి అమ్ముకునేవారూ దయచేసి ఇది చదవండి. బేగంబజార్‌లోని ఒక హోల్‌సేల్ దుకాణంలో జెల్‌ను చిక్కబరిచే పొడి అయిన హైడ్రాక్సీఎథైల్ సెల్యులోజ్, అంటే హెచ్‌ఈసీ, కావాలని నేను స్పష్టంగా అడిగితే, పైన ‘సెల్యులోజ్ థిక్కెనర్’ అని పెన్నుతో రాసిన తెల్లటి కవరులో అరకిలో పొడి కట్టి ఇచ్చారు. తయారీదారు పేరు గానీ, బ్యాచ్ నంబరు గానీ, గ్రేడు గానీ దానిపై లేవు.

డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే జెల్ చక్కగానే వచ్చింది కాబట్టి ఆ దశలో ఎవరికీ అనుమానం కలగదు. కానీ అందులో కండిషనర్‌లో జుట్టును మెత్తబరిచే సెట్రిమోనియం క్లోరైడ్ పోసి కలపగానే జెల్ అంతా విరిగిన పాలలా తెల్లటి పోగులుగా, ముద్దలుగా విడిపోయి, చుట్టూ పలచటి నీరు మిగిలింది. కారణం ఒక్కటే: ఇచ్చినది హెచ్‌ఈసీ కాదు, ఐస్‌క్రీం తయారీలో కూడా వాడే, సాధారణంగా ధర తక్కువగా ఉండే సీఎంసీ, అంటే సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. సీఎంసీ అణువుపై రుణావేశం ఉంటుంది, సెట్రిమోనియం క్లోరైడ్ లాంటి పదార్థాలపై ధనావేశం ఉంటుంది; ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నీటిలో కరగకుండా బయటపడతాయి. హెచ్‌ఈసీకి ఆవేశం లేదు కనుక వాటితో సాధారణంగా పేచీ ఉండదు.

సీఎంసీ చెడ్డ పదార్థమేమీ కాదు, టూత్‌పేస్టులో అది ఎంతో కాలంగా ఉంది. అయితే ఉప్పు ఎక్కువైనా, శాలిసిలిక్ లేదా లాక్టిక్ ఆమ్లం వల్ల పీహెచ్ బాగా పడిపోయినా దాని చిక్కదనం తగ్గుతుంది కాబట్టి అలాంటి ఫేస్ సీరంలోనూ ఇదే పొడి వాడితే అది పలచబడవచ్చు.

అడగడానికి వెళితే, బోరు నీళ్లు వాడి ఉంటారని దుకాణదారు చెప్పిన మాట నమ్మదగినది కాదు. నేను వాడింది డిస్టిల్డ్ వాటర్. పైగా అసలు హెచ్‌ఈసీ అయితే మన హైదరాబాద్ బోరు నీటిలోని లవణాలను కూడా తట్టుకుంటుంది. నీటిలో సూక్ష్మజీవులున్నాయన్న వాదనా నిలవదు, ఎందుకంటే వాటి ఎంజైములు సెల్యులోజ్‌ను తెంచి జెల్‌ను క్రమంగా పలచబరుస్తాయే తప్ప కలిపిన మరుక్షణమే తెల్లగా విరగ్గొట్టవు.

ఇప్పటికే కొన్నవారు మొత్తం బ్యాచ్ కలపకముందే చెంచాడు పలచటి జెల్‌లో కొన్ని చుక్కల సెట్రిమోనియం క్లోరైడ్ వేసి చూడండి. తెల్లటి పోగులు కనబడితే ఆ పొడిని కండిషనర్‌కు వాడవద్దు. కొత్తగా కొనేవారు సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ (ఆ బ్యాచ్ పరీక్షా ఫలితాల పత్రం) అడిగి, అందులోని క్యాస్ నంబరు, అంటే ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు సంఖ్య, చూడండి: హెచ్‌ఈసీకి 9004-62-0, సీఎంసీకి 9004-32-4. పూర్తి పేరుతో జీఎస్టీ బిల్లు కూడా తప్పక తీసుకోండి. దుకాణదారు పొడి వాపసు తీసుకోలేదు. బిల్లు ఉన్నందున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.