రాత్రిపూట తెరిచి ఉండే పెట్ క్లినిక్: వైద్యానికి ఐదు, ఫోన్‌కి సున్నా

వాంతులు అనగానే ఒక ఇంజెక్షన్ పొడిచి పంపేసే చోట్లు విజయవాడలో కొన్ని చూశాను, అందుకే ఇక్కడ నచ్చింది ముందు చెబుతా. డాక్టరమ్మ సూది ముట్టుకోకముందే వరసగా అడిగింది: ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, ఎంత తిన్నాడు, ఇంట్లో మాత్రలేమైనా వాడికి అందే చోట ఉన్నాయా అని. మా లాబ్రడార్ టామీగాడు పక్కింటి ఫంక్షన్ వాళ్ళు సందులో పడేసిన కవర్ చింపాడు. ఎండకు పాచిపోయిన బిర్యానీ, ఎముకలు, పెరుగుపచ్చడిలో ఉల్లిపాయలు, ఏదీ వదల్లేదు. రాత్రికి వాంతులు, విరేచనాలు, ఒకటే చొంగ.

ఆవిడ వాడి పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలింది. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే మళ్ళీ గులాబీ రంగు తిరిగి రావాలట, రాకపోతే రక్తప్రసరణ దెబ్బతిన్నట్టు. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే మెల్లగా దిగింది, అంటే ఒంట్లో నీరు తగ్గింది. వెంటనే సెలైన్ ఎక్కించారు, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చారు, ఎముక ఎక్కడైనా ఇరుక్కుందేమోనని ఎక్స్‌రే తీశారు. ఇంతా చేసి ఉల్లిపాయల సంగతి మర్చిపోలేదు చూడండి, అదీ నాకు నచ్చింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, ఆ ప్రభావం కొన్ని రోజులు ఆగి బయటపడొచ్చు. అందుకే చిగుళ్ళు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని కాగితం మీద రాసిచ్చారు.

ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దామని మా అత్తయ్య అంటే డాక్టరమ్మ గట్టిగానే వద్దంది, ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం మీదికి వస్తుందట. మనుషుల పారాసెటమాల్ కూడా వేయకూడదు. అదే పిల్లకుక్కకు రక్తవిరేచనాలైతే ఏదో తిని ఉంటుందిలే అని సరిపెట్టుకోకుండా ముందు పార్వో (పిల్లకుక్కల ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు) టెస్ట్ చేయిస్తారట.

ఇక తిట్లు. ఫోన్ ఎన్నిసార్లు చేసినా ఎత్తరు, రాత్రి ఒక్కరే డాక్టర్, మనకంటే ముందు ఇంకో కేసు ఉంటే బయట బెంచీ మీద టెన్షన్ పడుతూ కూర్చోవాల్సిందే. బిల్లు బాగానే వాచింది, కానీ ఏది ఎంతో విడివిడిగా రాశారు.

వెళ్ళేవాళ్ళు తిన్నదాని కవరో, వాంతి ఫోటోనో పట్టుకెళ్ళండి, చాలా ప్రశ్నలు తప్పుతాయి. కాస్త క్యాష్ కూడా ఉంచుకోండి, మేం వెళ్ళిన రాత్రి వాళ్ళ స్వైపింగ్ మెషిన్ పనిచేయలేదు.