పాత కంచు ఇచ్చి కొత్త డిన్నర్ సెట్ తెచ్చుకునేవాళ్లకి హెచ్చరిక (బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లు ముఖ్యంగా)

పెళ్లిళ్ల ముందు పెట్టే ఎక్స్‌ఛేంజ్ మేళాలు మనవైపు అందరికీ తెలిసినవే. అలాంటి కొట్టొకటి మా మేనత్తగారి కంచు కంచాల్ని ఇత్తడి తుక్కు రేటుకి లాగేసుకుంది. ఒళ్లు మండిపోతోంది.

తూకం అయ్యాక కొట్టువాడు మాటమాత్రం అడక్కుండా ఒక కంచం అంచు మీద సుత్తితో కొట్టాడు. ముక్క విరిగి కిందపడింది. దాన్ని తీసి ఆవిడ చేతిలో పెట్టి, "చూశారా అమ్మా, కంచయితే పగులుతుందా? ఇది పోత ఇత్తడి" అన్నాడు. పచ్చి అబద్ధం! అది పగలడమే కంచు అనడానికి రుజువు. ఇత్తడి కంచమైతే ఆ దెబ్బకి సొట్ట పడుతుంది, వంగుతుంది. కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. అంత తగరం ఉన్న లోహం చల్లగా ఉన్నప్పుడు పెళుసు, ఎర్రగా కాలిస్తేనే సాగుతుంది. అందుకే కంసారులు (కంచు సామాను చేసేవాళ్లు) కొలిమిలో మళ్లీ మళ్లీ కాల్చి కొడతారు. ఇది ఆ వ్యాపారికి తెలియదా? తెలిసే కొట్టాడు. ఆవిడ కంచాలు తిరిగిచ్చేయమంటే, "విరిగినదాన్ని పట్టుకెళ్లి ఏం చేసుకుంటారు" అని నవ్వాడు. కంచు పగిలితే అతకదు, మోగదు. అది వాడికి తెలుసు.

వాడికి లాభం ఎక్కడంటే, ఇత్తడి అంటే రాగిలో జింకు. జింకు రాగి కంటే చౌక, తగరం రాగి కంటే ఎంతో ఖరీదు. కిలో కంచులో దాదాపు 220 గ్రాములు తగరమే. పైగా గిరాకీ రెండు ముక్కలైంది. ఇంట్లో పిల్లలకి ఈ కంచాలు బరువు, చింతపండుతో తోమాలి, డిష్‌వాషర్‌లో వేస్తే రంగు మారిపోతుంది, వద్దంటున్నారు. భువనేశ్వర్‌లో అదే వయసు వాళ్లు కంసా థాళీ (కంచు కంచం) కావాలని వెతుక్కుని మరీ కొంటున్నారు. ఈ ఇద్దరి మధ్య కూర్చున్నవాడు మన దగ్గర ఇత్తడి అని కొని, అక్కడ పాతకాలం కంచు అని అమ్ముతున్నాడు.

ఇంట్లోనే తేల్చుకోండి. కంచాన్ని తుడిచి, పొడిగా, అడుగున మూడు వేళ్ల కొసల మీద నిలబెట్టి అంచుని చెక్క గరిటెతో మెల్లగా తట్టండి. కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి టక్కున ఆగిపోతుంది. జరజరమని చీలిన మోత వస్తే మాత్రం ఇత్తడి అని తేల్చేయకండి, కంటికి కనపడని పగులు ఉండొచ్చు. ఆ తర్వాత వెనకవైపు అరచేయంత మేర చింతపండు, ఉప్పుతో తోమి వెంటనే కడగండి. పసుపుపచ్చగా మెరిస్తే ఇత్తడి, కాస్త బూడిద కలిసిన గోధుమరంగు పసుపైతే కంచు. ఒక్క పరీక్షతో నమ్మకండి, రెండూ కలవాలి.

కొనేవాళ్లకీ ఇవే పరీక్షలు. మందం అంతటా ఒకేలా ఉండి, వెనక సుత్తి దెబ్బల జాడ లేకపోతే అది మెషీన్‌లో నొక్కిన రేకు. చేత్తో కొట్టిన కంచు ధర దానికి ఇవ్వకండి.

వెండి కంచాలున్నవాళ్లకి ఒక మాట. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకు. 500 గ్రాముల వెండి నీళ్లలో ముంచితే సుమారు 48 మిల్లీలీటర్లు పైకొస్తుంది, జర్మన్ సిల్వర్ అయితే 58 దాకా వస్తుంది.

గడప దాటకముందే ఒక్కో కంచం తూచి, అంచు మీద చెక్కిన పేరుతో సహా ఫొటో తీయండి. కొట్టులో సుత్తి, రంపం పెట్టనివ్వకండి. రసీదులో "పాత సామాను" అని రాస్తే ఒప్పుకోకండి, "కంచు, ఇన్ని గ్రాములు" అని రాయించుకున్నాకే కంచాలు చేతికివ్వండి.