ఇంటికి ఇంటర్నెట్: ఫైబరా, ఎయిర్‌ఫైబరా?

మీ వీధికి ఫైబర్, అంటే కాంతితో డేటా మోసే సన్నటి గాజు తీగ, వచ్చి ఉంటే రెండో ఆలోచన వద్దు, అదే పెట్టించుకోండి. డౌన్‌లోడ్ వేగం ఎవరైనా ఇస్తారు. ఫైబర్ అసలు బలం అప్‌లోడ్‌లో, అంటే మన వైపు నుంచి డేటా పంపడంలో ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుంటే చాలా కంపెనీలు రెండు వైపులా 100 ఇస్తాయి. ఒకరు ఆఫీసు మీటింగులో, మరొకరు ఆన్‌లైన్ క్లాసులో, ఇంకొకరు అమెరికాలోని కొడుకుతో వీడియో కాల్‌లో ఉన్నప్పుడు ఆ విలువ తెలుస్తుంది.

2023లో ఎయిర్‌టెల్, జియో తెచ్చిన ఎయిర్‌ఫైబర్‌లో ఇంటి దాకా తీగ ఉండదు. మేడ మీద బిగించిన పెట్టె 5జీ టవరు సిగ్నల్ అందుకుని ఇంట్లోని రూటరుకు పంపుతుంది. ఫైబర్ రాని ఊరి చివరి వెంచర్లకు ఇది వరమే. కానీ అదే టవరును చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకుంటాయి కాబట్టి, రాత్రి అందరూ సినిమాలు పెట్టుకునే వేళ వేగం తగ్గే అవకాశం ఎక్కువ. అప్‌లోడ్ కూడా తక్కువే. డేటా సంగతీ చూడండి: ఫైబర్ ప్లాన్లలో నెలకు 3300 జీబీ దాకా పూర్తి వేగం మామూలు, ఎయిర్‌ఫైబర్‌లో అది 1000 జీబీ.

ఫైబర్‌కు గండమల్లా కరెంటు స్తంభమే. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించినప్పుడు ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. అందుకే కంపెనీ పేరు కంటే, తీగ తెగితే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో పక్కింటివాళ్లను అడగడం ముఖ్యం. ఈ విషయంలో పెద్ద కంపెనీ కంటే వీధి చివరి కేబుల్ ఆపరేటరే నయమనిపించే చోట్లు లేకపోలేదు.

కరెంటు పోతే రెండూ ఆగుతాయి. ఫైబర్ రూటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలు. ఎయిర్‌ఫైబర్‌కైతే మేడ మీది పెట్టెకూ బ్యాకప్ కావాలి.

పాత ల్యాండ్‌లైన్ రాగి తీగ మీద వచ్చే డీఎస్ఎల్‌ను ఇక మరచిపోవచ్చు. టెలిఫోన్ ఎక్స్ఛేంజికి దూరమైనకొద్దీ దాని వేగం పడిపోతుంది. ఉపగ్రహ ఇంటర్నెట్ తీగా టవరూ అందని అటవీ గ్రామాల మాట, అపార్టుమెంటుకు అవసరం లేదు.

ఏది తీసుకున్నా ప్రకటనలోని ధరకు 18 శాతం జీఎస్టీ కలిపి లెక్క వేసుకోండి. తగ్గింపు ఊరించినా మొదటిసారే ఏడాది డబ్బు కట్టకండి.